టెలిస్కోపు అద్దానికి ఐస్ ఎందుకు? 1803 నుంచి మన డాబా దాకా

పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ నుంచి మాట్లాడుతున్నా. ఈసారి ఒక సూటి ప్రశ్నతో మొదలుపెడదాం. వేలకు వేలు పోసి కొన్న టెలిస్కోపులు మన ఇళ్లల్లో అటక మీదికి ఎందుకు ఎక్కుతున్నాయి?

నాకు మెసేజ్ పెట్టేవాళ్లలో చాలామంది కథ ఒకేలా ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో ఆన్‌లైన్‌లో టెలిస్కోపు కొంటారు. పగలంతా అది పై అంతస్తు గదిలో, కాగిన స్లాబు కింద ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి డాబా మీదికి తెచ్చి గురుగ్రహం వైపు తిప్పుతారు. చారలు కనబడతాయని ఆశ. తీరా చూస్తే మరుగుతున్న నీళ్లల్లో గుడ్డు ఊగినట్టు ఒక తెల్లటి ముద్ద ఊగుతుంటుంది. ఫోకస్ ఎటు తిప్పినా అంతే. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ చూసి, "దీనికా ఇన్ని పైసలు పెట్టింది?" అంటారు. పది నిమిషాల్లో అందరూ కిందికి దిగిపోతారు. వారం తిరిగేసరికి టెలిస్కోపు అటక మీద ఉంటుంది. "నకిలీ అద్దం ఇచ్చారన్నా" అని నాకు మెసేజ్ వస్తుంది.

చాలాసార్లు ఆ అద్దంలో ఏ లోపమూ ఉండదు. దానికి పొద్దటి వేడి ఇంకా దిగలేదు. అంతే.

ఈ ఎపిసోడ్ ఆ వేడి చరిత్ర గురించి. ఈ బాధ మీ ఒక్కరిదే అనుకోకండి. ఒకప్పుడు భూమ్మీదే అతి పెద్ద టెలిస్కోపుకి మొదటి రాత్రే ఇది ఎదురైంది. దానికి మందు కనిపెట్టినవాళ్లలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లూ ఉన్నారు, ఇంటి వెనకాల కొలిమి పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఉపాయాలన్నీ చివరికి మన వంటింటి తెలివిలాగే ఉంటాయి.

ముందు విషయం అర్థం చేసుకుందాం. మన కరీంనగర్ వైపు వాళ్లకి ఇది చెప్పడం చాలా సులువు. మనకి బండలు తెలుసు కదా. మే నెలలో పొద్దుగూకినాక గాలి కొంచెం చల్లబడుతుంది. చల్లగా ఉంది కదా అని పోయి బండ మీద కూర్చుంటే, చుర్రుమంటుంది. గాలి చల్లబడ్డా బండ చల్లబడలేదు. పగలు తాగిన ఎండని అది రాత్రంతా మెల్లగా కక్కుతూ ఉంటుంది.

టెలిస్కోపు అద్దం కూడా ఒక చిన్న బండే. గాజు వేడిని చాలా నెమ్మదిగా కదిలిస్తుంది. రాగితో పోలిస్తే కొన్ని వందల రెట్లు నెమ్మది. పైగా మందం పెరిగేకొద్దీ కష్టం ఇంకా పెరుగుతుంది. మందం రెట్టింపయితే లోపలి వేడి పైకి రావడానికి పట్టే టైం రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లు అవుతుంది.

ఉంటే ఉండనీ, అద్దం వేడిగా ఉంటే నష్టం ఏంటి అంటారా? రెండు నష్టాలు ఉన్నాయి.

మొదటిది ఆకారం. మంచి అద్దం మీద ఎత్తుపల్లాలు వెంట్రుక మందంలో వెయ్యో వంతుకి మించకూడదు. అంచులు ముందు చల్లబడి, నడుమ ఇంకా వేడిగా ఉంటే గాజు ఒకచోట ముడుచుకుంటుంది, ఇంకోచోట ముడుచుకోదు. అంత సన్నని లెక్కలో ఆ తేడా చాలు, బొమ్మ పాడవడానికి.

రెండోది గాలి. చిన్న టెలిస్కోపుల్లో అసలు దొంగ ఇదే. వేడి అద్దాన్ని అంటుకుని పలచని వేడిగాలి పొర ఒకటి ఉంటుంది. అది ఊరికే ఉండదు, పొగలాగ మెలికలు తిరుగుతూ పైకి లేస్తుంది. మధ్యాహ్నం తారురోడ్డు మీద దూరంగా వచ్చే బస్సు నీళ్లల్లో ఉన్నట్టు వణుకుతుంది చూడండి, అదే పని ఇక్కడా జరుగుతుంది. నక్షత్రం వెలుతురు అద్దం దాకా వచ్చేటప్పుడు ఒకసారి, అద్దం నుంచి తిరిగి పోయేటప్పుడు ఇంకోసారి ఆ పొరలోంచి పోవాలి. అంటే రెండుసార్లు చెడుతుంది.

ఇక చరిత్రలోకి పోదాం.

అద్దంతో పనిచేసే టెలిస్కోపుని 1668లో న్యూటన్ తన చేతులతో తయారుచేశాడు. అప్పుడు గాజు అద్దం కాదు, రాగీ తగరమూ కలిపిన లోహపు అద్దం. దాని వెడల్పు ఒక అంగుళం కంటే కొంచెం ఎక్కువ. అంత చిన్న అద్దం త్వరగా చల్లబడుతుంది కాబట్టి వేడి గొడవ పెద్దగా బయటపడదు. అద్దాలు పెరిగినాకనే గొడవ కూడా పెరిగింది.

పెంచినవాడు విలియం హెర్షెల్. ఇంగ్లండ్‌లో సంగీతం చెప్పుకుని బతికేవాడు. ఇంట్లోనే అద్దాలు పోతపోసి, అరగదీసి, చెల్లెలు కరోలిన్ సాయంతో టెలిస్కోపులు కట్టుకున్నాడు. 1781లో అలా చేసుకున్న టెలిస్కోపుతోనే యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. ఈయన ఒక విషయం పట్టుకున్నాడు. ఒకే టెలిస్కోపు, ఒకే మనిషి, ఆకాశంలో మబ్బు లేదు. అయినా కొన్ని రాత్రులు అద్దం బాగా పనిచేస్తుంది, కొన్ని రాత్రులు మొండికేస్తుంది. ఎందుకు? ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సు అంతా ముందేసుకుని, అద్దాలు సరిగ్గా పనిచేయకపోవడానికి కారణాలేంటో వెతుకుతూ 1803లో ఒక వ్యాసమే అచ్చువేశాడు. అందులో ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఇదే, అద్దానికీ బయటి గాలికీ వేడిలో తేడా. వెచ్చటి గదిలోంచి తెచ్చిన టెలిస్కోపు బయటి చలికి అలవాటు పడేదాకా సరిగ్గా చూపదు. అంటే ఈ ఇరవై ఒకటో శతాబ్దంలో మీరు అటక మీదికి ఎక్కించిన టెలిస్కోపు జబ్బేంటో రెండు వందల ఏళ్ల కిందటే రాసిపెట్టి ఉంది.

1857లో ఫ్రాన్సులో లియోన్ ఫూకో గాజు అద్దానికి వెండి పూత పూసి టెలిస్కోపు చేశాడు. గాజు తేలిక, పూత పోతే మళ్లీ పూసుకోవచ్చు. లోహపు అద్దాల కాలం అక్కడి నుంచి ముగుస్తూ వచ్చింది. కానీ గాజుతో పాటు ఈ నెమ్మదితనం కూడా మన నెత్తిన పడింది. లోహం త్వరగా చల్లబడుతుంది, గాజు పడదు.

ఇప్పుడు అసలు కథ. 1917 నవంబరు 1 రాత్రి, అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కన మౌంట్ విల్సన్ కొండ. కొత్త టెలిస్కోపు సిద్ధమైంది. అద్దం వెడల్పు 100 అంగుళాలు, అంటే రెండున్నర మీటర్లు. బరువు 4 టన్నుల పైనే. ప్రపంచంలో అప్పటికి అంతకంటే పెద్దది లేదు. కట్టించినవాడు జార్జ్ ఎల్లరీ హేల్. ఈ అద్దం మీద ఆయనకి మొదటి నుంచీ బెంగ. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఆ గాజులో బుడగలు ఉన్నాయి, ఇది పనికిరాదేమో అని అద్దం అరగదీసే నిపుణుడే అనుమానపడ్డాడు. అయినా ఏళ్లకేళ్లు కష్టపడి దాన్ని నునుపు చేశారు. ఆ రాత్రి హేల్, ఆయన సహచరుడు వాల్టర్ ఆడమ్స్, అతిథిగా ఇంగ్లిష్ కవి ఆల్ఫ్రెడ్ నోయెస్, ఇంకొందరు కలిసి పైకి ఎక్కారు. గురుగ్రహం వైపు తిప్పారు. హేల్ కన్ను పెట్టి చూశాడు.

ఒక గురుగ్రహం కనబడలేదు. ఒకదాని మీద ఒకటి పడి ఆరేడు గురుగ్రహాలు కనబడ్డాయి.

ఆ మనిషి గుండె ఎలా జారిపోయి ఉంటుందో ఊహించండి. ఏళ్ల శ్రమ, ఎంతో సొమ్ము, చివరికి గాజు నిజంగానే పాడైపోయిందా? అప్పుడు ఒక మాట బయటికొచ్చింది. ఆ పగలు పనివాళ్లు పని చేసుకుంటూ గోపురం తెరిచి ఉంచారు. ఎండ అద్దం మీద పడింది. సరే, చల్లబడనిద్దాం అని అందరూ దిగిపోయారు, తెల్లవారుజామున మళ్లీ రావాలనుకున్నారు. హేల్‌కి నిద్ర పట్టలేదు. రెండున్నర ప్రాంతంలో తిరిగి వచ్చాడు. కాసేపటికి ఆడమ్స్ కూడా వచ్చాడు, ఆయనకీ నిద్ర లేదు. ఈసారి ఒక నక్షత్రం వైపు తిప్పారు. సూది మొనలాగ ఒకే ఒక్క చుక్క.

అద్దం మంచిదే. దానికి కావలసింది కొన్ని గంటల చల్లదనం. అదే టెలిస్కోపుతో 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో ఒక రకం మిణుకు నక్షత్రాన్ని పట్టుకుని, అది మన పాలపుంతకి బయట ఉన్న వేరే నక్షత్ర ప్రపంచమని తేల్చాడు. ఆ రాత్రి "గాజు చెడిపోయింది" అని వదిలేసి ఉంటే? ఆ టెలిస్కోపు కూడా పెద్ద అటక ఎక్కేదే కదా.

ఇక మన తెలుగు నేలకి వద్దాం. మన దగ్గర టెలిస్కోపుల చరిత్ర చిన్నదేమీ కాదు. విశాఖపట్నంలో గోడె వెంకట జగ్గారావు 1840లోనే సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపించి, 1874లో సూర్యుడి ముందు నుంచి శుక్రగ్రహం దాటిపోవడాన్ని అక్కడి నుంచి గమనించాడు. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నిజామియా అబ్జర్వేటరీకి పునాది వేశాడు. ఆయన పోయినాక 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుని బేగంపేటలో నిలబెట్టింది. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా రాద్దామని ప్రపంచ దేశాలు ఆ రోజుల్లో పని పంచుకున్నాయి. అందులో మన బేగంపేట వంతు పూర్తయ్యేసరికి 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కకొచ్చాయి. ఆ పని నడిపించినవాళ్లల్లో పోకాక్, ఆయన తర్వాత భాస్కరన్ ఉన్నారు. ఫోన్‌లో స్టార్ మ్యాప్ యాప్ చూస్తాం కదా, అలాంటి పటాలకి ముత్తాత లాంటి పని అది.

అయితే ఒకటి గమనించండి. విశాఖలోనూ బేగంపేటలోనూ అప్పట్లో ముఖ్యమైన పనిముట్లన్నీ లెన్సువి. నిజామియాలో పెద్దది 15 అంగుళాల లెన్సు టెలిస్కోపు. లెన్సు గొట్టానికి పై కొసన, బయటి గాలికి దగ్గరగా ఉంటుంది. గొట్టం మూసి ఉంటుంది. అద్దం అలా కాదు. తెరిచిన గొట్టంలో అడుగున కూర్చుంటుంది. అడుగున వేడి, పైన దారి. అంటే మన టెలిస్కోపు గొట్టం పొగగొట్టంలా పనిచేస్తుందన్నమాట.

పెద్ద అద్దం మన దగ్గరికి 1960లలో వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు హైదరాబాద్‌కి ఆగ్నేయంగా, ఇప్పటి రంగారెడ్డి జిల్లాలో జాపాల, రంగాపూర్ ఊళ్ల దగ్గర కొత్త అబ్జర్వేటరీ కట్టి, అమెరికాలో చేసిన 48 అంగుళాల అద్దం టెలిస్కోపుని 1968లో పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు శాస్త్రవేత్తలంతా చేరిన చోట్లలో రంగాపూర్ ఒకటి. మన పెద్దవాళ్లని అడగండి, ఆ రోజు తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నామని చెబుతారు.

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన ఆకాశం ఎప్పుడు తేటగా ఉంటుంది? జూన్ నుంచి వానలు, మబ్బులు. నవంబరు నుంచి మే దాకానే చూసుకోవడానికి రాత్రులు దొరుకుతాయి. అందులో సగం ఎండాకాలం. మే నెలలో మన రామగుండం, పెద్దపల్లి వైపు పగలు 45 డిగ్రీల దాకా పోతుంది. పైగా ఎండాకాలం రాత్రి చిన్నది. బయటి గాలి తెల్లారేదాకా మెల్లగా చల్లబడుతూనే ఉంటుంది. అద్దం దాని వెనక పరుగెత్తుతూ ఉంటుంది కానీ అందుకోదు. "బయట పెట్టి రెండు గంటలు ఆగండి, అదే చల్లబడుతుంది" అని విదేశీ వీడియోల్లో చెబుతారు. చలిదేశంలో అది సరిపోతుంది. మన దగ్గర రెండు గంటలాగితే ఇంట్లో పిల్లలు నిద్రపోతారు. అందుకే ఊరికే ఆగడం కాదు, మనమే పూనుకుని చల్లబరచాలి.

పూనుకుని చల్లబరచడం ఎలా మొదలైందో చూద్దాం.

మౌంట్ విల్సన్ తర్వాత హేల్ ఇంకా పెద్ద కల కన్నాడు. 200 అంగుళాల అద్దం, అంటే 5 మీటర్లు. అంతటి గాజు ముద్ద చల్లబడాలంటే ఏ రాత్రీ చాలదు. కాబట్టి రెండు ఉపాయాలు చేశారు. ఒకటి, మామూలు గాజు బదులు పైరెక్స్ వాడారు. మన వంటింట్లో బోరోసిల్ గిన్నె ఉంటుంది కదా, ఆ జాతి గాజు. వేడికి తక్కువ సాగుతుంది. రెండు, అద్దం వెనకవైపు మొత్తం గాజు నింపకుండా, కింద జాలీలాగ గుంతలు వదిలి పోతపోశారు. బరువు తగ్గింది, గాలి తగిలే చోటు పెరిగింది. 1934 డిసెంబరులో పోసిన ఆ గాజుని కొలిమిలో పది నెలల పాటు మెల్లమెల్లగా చల్లార్చారు. ఎందుకంటే గాజుని ఎర్రటి వేడి నుంచి గబగబా చల్లారిస్తే లోపల ఒత్తిడి మిగిలి పగులుతుంది. ఆ టెలిస్కోపు 1948లో పాలోమార్ కొండ మీద ప్రారంభమైంది.

తర్వాతి మలుపు నాకు చాలా ఇష్టం. 1980 ప్రాంతం, అమెరికాలో అరిజోనా యూనివర్సిటీ. రోజర్ ఏంజెల్ అనే ప్రొఫెసర్‌కి ఒక ఆలోచన వచ్చింది. అద్దాన్ని తేనెపట్టులాగ లోపల డొల్లగా చేస్తే? ముందు లక్షల డాలర్లు అడగలేదు. వంటింట్లో పుడ్డింగ్ చేసుకునే రెండు గాజు కప్పులు తీసుకున్నాడు. ఇంటి వెనకాల సొంతంగా కొలిమి కట్టి, ఆ రెండు కప్పుల్నీ కరిగించి అతికాయా లేదా అని చూశాడు. అతికాయి. ఆ కప్పుల నుంచి మొదలై, ఆయన ప్రయోగశాల తర్వాతి ఏళ్లల్లో 6.5 మీటర్లు, 8.4 మీటర్ల అద్దాలు పోసింది. అంత పెద్ద అద్దంలో ముందు పలక మందం 3 సెంటీమీటర్ల లోపే. వెనక తేనెపట్టు గదులు. ప్రతి గదిలోకీ గొట్టాలతో చల్లగాలి ఊదుతారు. పలక సన్నం కాబట్టి త్వరగా గాలితో సమానమైపోతుంది. పెద్ద అద్దాన్ని ఇలా నడిపించుకుంటూ చల్లబరచడం ఒక ఇంటి కొలిమి నుంచి మొదలైంది.

ఇంకో దారి కూడా ఉంది. చిలీలో పరానల్ కొండ మీది 8.2 మీటర్ల టెలిస్కోపుల గోపురాల్లో పగలంతా ఏసీ నడుస్తుంది. ఈ రాత్రి బయట ఎన్ని డిగ్రీలు ఉంటుందో ముందే అంచనా వేసి, లోపల అంత చలి పెడతారు. మన దేశంలో నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోపు ఉంది. దాని గోపురంలో వేడిగాలి తోసేయడానికి పెద్ద ఫ్యాన్లే పెట్టారు.

మరి మనలాంటి ఇంటి టెలిస్కోపులవాళ్ల సంగతి? దీనికి మూలపురుషుడు జాన్ డాబ్సన్. ఆయన కథలో మన దేశం వాసన ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ పరంపరకి చెందిన వేదాంత మఠంలో సన్యాసి ఆయన. చేతిలో డబ్బు లేదు. ఓడల కిటికీలకి వాడే పాత గాజు బిళ్లలు తెచ్చి అరగదీసి అద్దాలు చేశాడు, అట్ట గొట్టాలు, చెక్కపెట్టెలతో టెలిస్కోపులు కట్టాడు. 1967లో మఠం బయటికి వచ్చి, వీధుల్లో నిలబడి దారిన పోయేవాళ్లకి చంద్రుణ్ణి, శనిని చూపించాడు. ఇప్పుడు "డాబ్సోనియన్" అని ఆన్‌లైన్‌లో కనబడేది ఆయన పేరే. ఈ పద్ధతితో మామూలు మనుషులకి కూడా పెద్ద అద్దాలు అందాయి. పెద్ద అద్దంతో పాటు వేడి కూడా వచ్చింది. దానికి వాళ్లు పట్టుకున్న మందు కంప్యూటర్ లోపల తిరిగే చిన్న 12 వోల్టుల ఫ్యాన్. అద్దం వెనకాల ఒకటి బిగిస్తే చాలు, వేడి త్వరగా దిగుతుంది. అద్దం ముందు పేరుకున్న వేడిగాలి పొరని కూడా చెదరగొట్టొచ్చు. కొంతమంది ఇంకో అడుగు వేసి పెల్టియర్ బిళ్ల వాడారు. 1834లో ఫ్రాన్సులో జాన్ పెల్టియర్ కనిపెట్టిన సంగతి అది. రెండు రకాల లోహాల అతుకులోంచి కరెంటు పోతే ఒకవైపు చల్లబడుతుంది, ఇంకోవైపు వేడెక్కుతుంది. చిన్న కారు ఫ్రిజ్‌లలో ఉండేది అదే.

నిజానికి చల్లబరచడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. సాయంత్రం డాబా మీద బకెట్లతో నీళ్లు చల్లి, ఆవిరి పోయినాక మంచాలు వేసుకోవడం ఏంటి? పూనుకుని చల్లబరచడమే. రంజన్‌లో నీళ్లు, కిటికీకి వట్టివేళ్ల తడికలు, గడ్డి కూలర్, అన్నీ అదే సైన్సు. నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. కిలో ఐస్ కరిగితే పోయే వేడి కంటే, కిలో నీళ్లు ఆవిరైతే పోయే వేడి దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. కానీ అద్దం దగ్గర ఈ పద్ధతి వద్దు. అద్దం మీద పలచని అల్యూమినియం పూత ఉంటుంది, చెమ్మ దానికి శత్రువు. కూలర్ గాలి నేరుగా అద్దం మీదికి కొట్టకండి.

అందుకే మా సుల్తానాబాద్ డాబా మీద నేను వాడేది ఐస్ పెట్టె. ముందు చిన్న లెక్క చూడండి. నాది 8 అంగుళాల అద్దం. ఆ సైజు అద్దం బరువు సుమారు 2 కిలోలు. దాన్ని 10 డిగ్రీలు చల్లబరచాలంటే బయటికి తీయాల్సిన వేడి సుమారు 16 కిలోజౌళ్లు. ఇది ఎంత ఐస్ కరిగిస్తుందో తెలుసా? సుమారు 50 గ్రాములు. ఒక గ్లాసు సోడాలో వేసుకునే ముక్కలంత! అంటే అద్దంలో ఉన్న వేడి పెద్దదేమీ కాదు. గాజు దాన్ని త్వరగా వదలదు, అదే తంటా. పెట్టెలో ఐస్ చాలా ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, ఎందుకంటే దానిలో ఎక్కువ భాగం చుట్టూ ఉన్న గాలిని చల్లబరచడానికే పోతుంది.

పెట్టె చేయడం సులువు. మూత ఉన్న థర్మాకోల్ పెట్టె ఒకటి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు. పెట్టెకి ఒకవైపు 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్, ఇంకోవైపు వెడల్పాటి మడతల పైపు. ఫ్యాన్ బయటి గాలిని లోపలికి తోస్తుంది, గాలి సీసాల మధ్య నుంచి తిరిగి చల్లబడి పైపులోంచి అద్దం వెనకకి పోతుంది. సీసా మూత గట్టిగా బిగించి ఉంటే నీళ్లు చిందవు. పైపు కొసకీ అద్దానికీ నడుమ ఒక జానెడు దూరం వదలండి, చలి ఒకేచోట పడకుండా పరుచుకుంటుంది. పెట్టె నేల మీద ఉంటుంది కాబట్టి ఫ్యాన్ అదురు టెలిస్కోపుకి అంటదు. రెండు చిన్న డిజిటల్ థర్మామీటర్లు కావాలి. ఒకదాని తీగని అద్దం వెనక టేపుతో అంటించాలి, ఇంకోటి బయట గాలిలో వేలాడాలి.

ఇప్పుడు జాగ్రత్తలు వినండి, ఇవే ముఖ్యం. ఐస్‌ని అద్దానికి తాకించొద్దు, నీళ్లు అసలే పోయొద్దు. ఒకచోట చలి, ఒకచోట వేడి అయితే ఆకారం చెడుతుంది. అద్దానికీ గాలికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకి వచ్చిందంటే ఐస్ ఆపేసి, ఉత్త ఫ్యాన్ మాత్రం నడవనివ్వండి. గాలి కంటే అద్దాన్ని చల్లగా చేస్తే ఇంకో తంటా, దాని మీద మంచు పడుతుంది. ఐస్ నీళ్ల గ్లాసు బయట చుక్కలు కట్టినట్టే. మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ భయం తక్కువ, వానలు వెళ్లినాక అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ. ఒకవేళ మంచు పట్టినా గుడ్డతో తుడవొద్దు, పూత గీసుకుపోతుంది. ఫ్యాన్ పెట్టి ఆరనివ్వండి. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే, పగలే వేడెక్కనివ్వకండి. పై అంతస్తు గది వద్దు. కింద, ఎండ తగలని మూల గదిలో పెట్టండి. అది ఒక్కటి చేస్తే సగం ఐస్ మిగులుతుంది.

మీ టెలిస్కోపు బాధ నిజంగా వేడేనా అని తేల్చుకోవడం కూడా సులువే. ఒక ప్రకాశమైన నక్షత్రం మీద పెట్టి, కావాలనే ఫోకస్ కొంచెం చెదరగొట్టండి. నక్షత్రం గుండ్రటి వెలుతురు బిళ్లలాగ పెద్దదవుతుంది. ఇప్పుడు ఎవరినైనా గొట్టం మూతి ముందు చెయ్యి పెట్టమనండి. ఆ చేతి వేడి అగరొత్తి పొగలాగ లేవడం మీ కంటికే కనబడుతుంది. చెయ్యి తీసేసినాక కూడా అలాంటి మెలికలే బిళ్లలో మెల్లగా పాకుతుంటే, దొంగ మీ గొట్టంలోనే ఉన్నాడు. మెలికలు కాకుండా బిళ్ల మొత్తం వేగంగా పరుగెత్తే నీళ్లలాగ ఉంటే, అది పైన ఆకాశంలోని గాలి. దానికి మనం చేయగలిగింది లేదు, ఇంకో రాత్రి చూసుకోవాలి.

చివరగా ఒక మాట. రంగాపూర్ కట్టినప్పుడు ఆ చుట్టుపక్కల రాత్రి చీకటిగా ఉండేది. హైదరాబాద్ పెరిగి పెరిగి ఆ దిక్కుకి వచ్చేసింది, ఆకాశంలో వెలుతురు నిండింది. చీకటి ఒకసారి పోతే తిరిగి తెచ్చుకోవడం మన ఒక్కరి చేతిలో ఉండదు. మన సుల్తానాబాద్, ఓదెల, కాల్వశ్రీరాంపూర్ వైపు ఊళ్లకి అవతల పొలాల్లో ఇంకా కొంత చీకటి మిగిలి ఉంది. ఆ చీకటి ఉన్నప్పుడే పిల్లలు శని వలయాన్ని సొంత కంటితో చూడాలి. దానికి అడ్డం పడేది రెండు కిలోల గాజులో దాక్కున్న 50 గ్రాముల ఐస్‌కి సరిపడా వేడి అయితే, దానికి లొంగిపోతామా?

మీ ఇంట్లో అటక మీద టెలిస్కోపు ఉంటే ఈ ఆదివారం కిందికి దించండి. దుమ్ము దులపండి, అద్దం మాత్రం తుడవకండి. సాయంత్రం పొద్దు ఉండగానే బయట నీడలో పెట్టి, వెనకాల ఫ్యాన్ తిప్పండి. రాత్రి ఆ నక్షత్రం పరీక్ష చేసి, పొగ కనబడిందా లేదా, ఎంతసేపట్లో తగ్గిందో, మీ ఊరి పేరుతో సహా కామెంట్‌లో రాయండి. ఏ ఊళ్లో ఏ నెలలో ఎంత టైం పడుతుందో అందరం కలిసి ఒక పట్టిక చేద్దాం. మనలాంటి వేడి ప్రాంతాలవాళ్లకి అది బాగా పనికొస్తుంది.

ఉంటాను మరి. మళ్లీ కలుద్దాం, నమస్తే.